ఏడు గీతలు

ఆ పుస్తకంలో దేవుడి పేరు ఎక్కడా లేదని
మా నాన్న వరస వరసకీ వేలు పెట్టి చూపించేవాడు.
పది అధ్యాయాలు. విందులు, ఉంగరాలు, ఉరికొయ్య,
అంతఃపురంలో తల్లీతండ్రీ లేని పిల్ల,
కోట గుమ్మంలో ఆమెను పెంచినవాడు.
దేవుడు మాత్రం హాజరు పట్టీలో లేడు.
"డూటీలో ఉండి సంతకం పెట్టనోడు" అనేవాడు,
మిల్లు టైమాఫీసులో ముప్పయ్యొక్క ఏళ్ళు
సంతకాలు చూసిన మనిషి.

చంపావతి ఒడ్డున గోనె మిల్లు.
దాని కూతే మా పేటకి పొద్దూ మాపూ.
కూతకి ఎసరు, కూతకి బిడ్డకి పాలు,
కూత వినపడ్డాకే అలిగినవాళ్ళు కూడా అన్నానికి లేచేది.
ఆ కూత మీట మా నాన్న చేతిలో.
పొట్నూరు జెకర్యా అంటే ఎవరికీ తెలీదు.
కూత జెకరయ్య అంటే చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చి దింపుతారు.

ఒక భాద్రపదం రాత్రి నాకు పళ్ళొచ్చే జ్వరం.
తెల్లార్లూ ఏడ్చానట.
అమ్మ భుజం నొప్పెడితే నాన్న, నాన్న భుజం నొప్పెడితే అమ్మ.
మర్నాడు రెండో షిఫ్టు. కళ్ళ నిండా ఇసక.
గోడ గడియారానికి కీ ఇస్తూ ఇస్తూ తూలి
పెద్దముల్లుని ఏడు గీతలు ముందుకి తోసేశాడు.
తోసినట్టు తనకే తెలీదు.

రాత్రి పది కాకుండానే పది కూత.
మగ్గాలు ఆగాయి. జనం బిలబిలా గేటు దాటారు,
బీడీలు వెలిగించుకుంటూ,
"ఏటిది, బేగి కూసీసినాడు" అని నవ్వుకుంటూ.
నవ్వు సగంలో ఉండగానే
మూడు రోజుల వాన మోసిన నేతషెడ్డు కప్పు
ఉన్నపళంగా కూర్చుండిపోయింది.

రెండువందల పదహారు మంది బయట.
లోపల ఒక్కడు.
గంట్యాడ పైడయ్య.
మర్చిపోయిన కేరేజీ కోసం వెనక్కి వెళ్ళినవాడు.

రిజిస్టరులో ఎర్రసిరాతో ఇంతే:
ఏడు నిమిషాలు ముందు కూత. రెండు రోజుల జీతం కోత.

ఆదివారం పాస్టరుగారు ఆ అధ్యాయమే తీశారు.
రాజు పక్క మీద దొర్లిన రాత్రి,
నిద్ర రాక పాత దస్తావేజులు చదివించుకున్న రాత్రి,
ఎవడో చేసిన మేలు, ఎవరూ తీర్చని బాకీ
ఒక పేజీలోంచి తల ఎత్తిన రాత్రి.
"ఆ నిద్రని ఎత్తుకుపోయింది ఎవరో చూశారా!"
సంఘమంతా హల్లెలూయ.
అమ్మ ఒళ్ళో ఉన్న నా వైపు తిరిగారట అందరూ.
నాన్న మాత్రం తల ఎత్తలేదట.

ముందురోజు పైడయ్య భార్య అప్పలనరసమ్మ
మా అరుగు మీద కూర్చుని అడిగింది,
దెబ్బలాటకి కాదు, లెక్క తెలుసుకోడానికి:
"మీ దేవుడు అంతమందిని నెక్కెట్టి బయటికి తోలినాడు గదా బావూ,
మా ఆయన కేరేజీ ఆయనకి అవుపడనేదా?"

నాన్న దగ్గర ఏ వచనమూ లేదు.
జీతం రోజున రెండు కుంచాల బియ్యం
ఆమె గడపలో పోసి వచ్చేవాడు.
మాట్లాడేవాడు కాదు. ఆమే మాట్లాడేది కాదు.
నేను పదో తరగతి తప్పిన ఏడు కూడా పోశాడు.

మిల్లు మూతబడ్డాక రిజిస్టర్లు కిలోల లెక్కన పోయాయి.
ఏ రాజూ అర్ధరాత్రి లేచి తెప్పించుకోలేదు.
ఆ ఎర్రసిరా ఏ పకోడీల నూనె పీల్చిందో.
గడియారం ఒక్కటీ నాన్న అడిగి తెచ్చుకున్నాడు.
ఇప్పుడు నా గోడ మీద ఉంది.
కీ ఇచ్చేటప్పుడు ముల్లు మీద చెయ్యి వెయ్యను.

నిన్న రాత్రి మనవరాలు పడుకోనివ్వలేదు.
చిగురు ఎర్రగా ఉబ్బింది.
భుజాన వేసుకుని డాబా మీద తిరుగుతుంటే
ఎదురింటి కిటికీలో లైటు.
బస్సు నడిపే సన్యాసిరావు.
పార్వతీపురం మొదటి బస్సు అతనిదే.
"ఏడుపుకి మెలకువొచ్చీసింది పిన్నీ, పర్నేదు" అన్నాడు.
ఏమనుకోకు బాబూ అనబోయి ఆగిపోయాను.
ఇంకేం చెప్పాలో తోచక
"కేరేజీ మర్చిపోకు" అన్నాను.